బీపీ మాత్రలతో కాళ్ల వాపు, బరువు: నా అనుభవం
రక్తపోటుకు నేను అమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు, అటెనొలాల్ 50 మిల్లీగ్రాములు వాడేవాడిని. బీపీ అదుపులోనే ఉండేది గాని, సాయంత్రానికి చీలమండల వద్ద వేలితో నొక్కితే గుంట పడేంత వాపు కనిపించేది. బరువు మెల్లగా పెరిగింది, మెట్లెక్కితే నీరసం వచ్చేది. ఉప్పు తగ్గించినా వాపు తగ్గలేదు.

కారణాన్ని మా వైద్యురాలు విడమరిచి చెప్పారు. అమ్లోడిపిన్ సన్నని ధమనులను వెడల్పు చేసినంతగా సిరలను చేయదు కాబట్టి, కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు కణజాలంలోకి ఊరుతుంది. ఇది ఒంట్లో నీరు అదనంగా నిలవడం వల్ల వచ్చే వాపు కాదు గనుక, బంధువులు సిఫారసు చేసే మూత్రం మాత్రలతో పెద్దగా తగ్గదు.

గుండె, మూత్రపిండాల పరీక్షల్లో లోపం లేదని తేలాకే ఆమె అమ్లోడిపిన్‌ను 5కి తగ్గించి, సిరలను కూడా సడలించే టెల్మిసార్టాన్ 40 జోడించారు. బరువును కొంత పెంచగల అటెనొలాల్‌ను ఒక్కసారిగా ఆపితే గుండెదడ, ఛాతీనొప్పి వచ్చే ప్రమాదం ఉన్నందున అంచెలంచెలుగా మాన్పించారు. వాపు ముందు పోయింది. బరువు మాత్రం రోజూ నడిస్తేనే గాని దిగలేదు, అదీ కొంతే. టెల్మిసార్టాన్‌తో పొటాషియం పెరగవచ్చు కాబట్టి రక్తపరీక్షలు చేయించుకుంటూ, పొటాషియం కలిసే తక్కువ సోడియం ఉప్పును వాడటం మానేశాను.