‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ చదివే ముందు డబ్బు లెక్కలు ఎలా అర్థం చేసుకోవాలి?

జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ మొదలుపెట్టి, అన్నీ పెళ్లి కబుర్లే అని సగంలో వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు. పైకి నవ్విస్తూ సాగే ఆ కథ అడుగున పెద్ద భయం ఉంది. అది పట్టుబడాలంటే ముందు డబ్బు లెక్క తెలియాలి.

మొదట ఒక కాగితం మీద ఎవరి ఏడాది రాబడి ఎంతో రాసుకోండి. కథానాయకుడు డార్సీకి 10,000 పౌండ్లు. అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు. కథానాయిక ఎలిజబెత్ తండ్రి బెన్నెట్‌కు 2,000. ఇవి జీతాలు కావు, భూముల మీదో దాచిన సొమ్ము మీదో కూర్చుంటే వచ్చేవి. వీటిని నేటి రూపాయల్లోకి మార్చే పని పెట్టుకోకండి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే చాలు. ఎలిజబెత్‌కు దక్కేది మొత్తం 1,000 పౌండ్లు, అదీ తల్లి పోయాకే. నాలుగు శాతం వడ్డీకి ఏడాదికి 40 పౌండ్లు!

తర్వాత ‘ఎంటెయిల్’ అనే మాట దగ్గర ఆగండి. బెన్నెట్ ఆస్తి మగ వారసుడికే చెందాలన్న కట్టుబాటు అది. ఐదుగురూ ఆడపిల్లలే కాబట్టి ఇల్లూ పొలమూ దూరపు బంధువు కాలిన్స్‌కు పోతాయి. తండ్రి వీలునామా రాసినా చెల్లదు. కొడుకు పుట్టి మేజరైతే ఇద్దరూ కలిసి ఆ కట్టుబాటును తెంచుకోవచ్చు. ఆ ఆశతోనే బెన్నెట్ పైసా దాచలేదు. ఇది తెలిశాక, కూతుళ్ల పెళ్లిళ్ల కోసం తల్లి పడే కంగారు నాకు వెర్రిగా అనిపించలేదు. ఇంట్లో ముందుచూపు ఉన్నది ఆవిడకే అనిపించింది.

ఇక కథలో కనిపించే ఎర్రకోటు సైనిక ఆఫీసర్లు. 1793 నుంచి 1815 దాకా, మధ్యలో కొద్ది విరామం తప్ప, ఇంగ్లండ్‌కు ఫ్రాన్స్‌తో యుద్ధమే. దేశ రక్షణకు పెట్టిన మిలీషియా దళాలు ఊరి నుంచి ఊరికి మారుతుండేవి. అందుకే ఆ ఆఫీసర్లలో ఒకడైన విక్‌హామ్ గతం బెన్నెట్‌ల ఊళ్లో ఎవరికీ తెలియదు. పైగా 1870, 1882 చట్టాలు వచ్చేదాకా, ముందే ప్రత్యేక ఒప్పందం రాసుకోకపోతే, పెళ్లవగానే భార్య డబ్బు భర్తదైపోయేది. డబ్బున్న అమ్మాయి అతనికి ఎందుకంత ముద్దో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు 22వ అధ్యాయం తీసి నిదానంగా చదవండి. ఎలిజబెత్ స్నేహితురాలు, ఆస్తీ అందమూ పెద్దగా లేని షార్లెట్‌కు అప్పటికి 27 ఏళ్లు. ఎలిజబెత్ పెళ్లికి కాదన్న కాలిన్స్‌కే షార్లెట్ సరేనంటుంది.