లూర్దు నుంచి గవార్నీ వెళ్తున్నారా? కొండదారి పట్టే ముందు ఇవి చూసుకోండి

లూర్దుమాత దర్శనానికి ఫ్రాన్స్ వెళ్లే తెలుగువాళ్లు ఒక రోజు ఖాళీ దొరికితే గవార్నీ కూడా చూసి వస్తుంటారు. తూలూజ్‌లో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న కుర్రాళ్లు కూడా వారాంతంలో అటే బయల్దేరుతారు. లూర్దు నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. లూర్దుమాత గుహ ముందు నుంచి పారే గావ్ నది పుట్టేది గవార్నీ వెనక కొండల్లోనే కాబట్టి, భక్తితో వెళ్లేవాళ్లకు నది మొదలు చూడాలన్న కోరిక కూడా తోడవుతుంది.

గవార్నీ పిరనీస్ పర్వతాల్లో స్పెయిన్ సరిహద్దు పక్కన ఉన్న చిన్న పల్లె. ఎత్తు సుమారు 1365 మీటర్లు. ఊరి వెనక అర్ధచంద్రాకారంలో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున రాతిగోడ నిలబడి ఉంటుంది. హిమానీనదాలు తొలిచిన ఇలాంటి గోడను అక్కడ సిర్క్ అంటారు. దాని మీద నుంచి 400 మీటర్లకు పైగా ఎత్తున్న జలపాతం దూకుతుంది. 1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తప్పకుండా చూడాల్సిన చోటు. వద్దని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు.

కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. గవార్నీలో మొదటి గంట దారి చాలా తేలిక. వెడల్పాటి బాట, పక్కనే ఏరు, ఎదురుగా గోడ, చుట్టూ పిల్లాపాపలతో జనం. ఆ గంట నడిచాక ఇక ఏముందిలే, ఇంకొంచెం పోదాం అనిపిస్తుంది. టెన్షన్ మొదలయ్యేది అక్కడే. ఎక్కడ ఆగాలో ఊళ్లో ఉండగానే అనుకుని బయల్దేరండి. దారిలో నిర్ణయించుకుందాం అనుకుంటే కాళ్లు ముందుకే లాగుతాయి.

ఎక్కడ ఆగాలి?

ఊరి నుంచి సిర్క్ వైపు వెళ్లే బాట గంటా గంటంపావులో ఒతెల్ దు సిర్క్ అనే పాత హోటల్ దగ్గరికి చేరుతుంది. ఎక్కేది 200 మీటర్ల చిల్లర. మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు నెమ్మదిగా, ఆగుతూ, మాత్రలూ తినడానికి ఏదో ఒకటీ దగ్గర పెట్టుకుని వెళ్లి రావచ్చు. గోడా జలపాతమూ అక్కడి నుంచే నిండుగా కనిపిస్తాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా సలహా అక్కడితో ఆగమనే.

హోటల్ దాటాక దారి పూర్తిగా వేరు. గుండ్రాళ్లు, జారే కంకర, దాటాల్సిన నీటిపాయలు. జలపాతం అడుక్కి చేరేసరికి ఇంకో ముప్పావుగంట పైనే పడుతుంది. మే, జూన్ నెలల్లో, కొన్నేళ్లు జూలైలో కూడా, అక్కడ పాత మంచు పలకలు మిగిలే ఉంటాయి. పైకి గట్టిగా కనిపించినా కింద నుంచి నీళ్లు కరిగిస్తూ ఉంటాయి కాబట్టి లోపల డొల్లగా ఉంటుంది. ఫొటో కోసం వాటి మీద నిలబడకండి, కింద గుహలా కనిపించే చోటుకు అసలు పోకండి. పైగా ఆ గోడ నుంచి రాళ్లు రాలుతూనే ఉంటాయి. ఎండెక్కి మంచు కరిగేకొద్దీ అది ఎక్కువవుతుంది. గోడ పాదం దగ్గర కూర్చుని భోజనాలు చేయడం మంచిది కాదు.

చీరలోనే వస్తామనే అమ్మలకు హోటల్ దాకా ఫర్వాలేదు, కానీ చెప్పులు మాత్రం వద్దు. మడమ దగ్గర పట్టు ఉండే బూట్లు, మందపాటి సాక్సులు ఉండాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది. లూర్దులో 28 ఉంటే, గవార్నీ పైన 2208 మీటర్ల ఎత్తున్న తాంత్ కనుమ దగ్గర 17 ఉండొచ్చు, గాలి వీస్తే ఇంకా చల్లగా తగులుతుంది. జూలైలో కూడా స్వెట్టర్, వాన కోటు సంచిలో ఉండాల్సిందే. గొడుగు ఆ గాలికి నిలవదు. ఎండ కూడా పైకి వెళ్లేకొద్దీ చురుక్కుమంటుంది, టోపీ, చలువ కళ్లద్దాలు మర్చిపోవద్దు.

మధ్యాహ్నం ఉరుములు

జూలై, ఆగస్టుల్లో పిరనీస్‌లో పొద్దున ఆకాశం నిర్మలంగా ఉండి మధ్యాహ్నానికి ఉరుములతో వాన పడడం మామూలే. అందుకే అక్కడివాళ్లు పొద్దున్నే ఏడింటికల్లా బయల్దేరి మధ్యాహ్నానికి దిగిపోతారు. మనవాళ్లు టిఫిన్లు, ఫొటోలు అయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఆ టైముకి కొండకు వెళ్తే దిగేది సరిగ్గా ఉరుముల వేళకే. లూర్దు నుంచి పొద్దున బస్సుకే బయల్దేరండి, చివరి బస్సు టైము ముందే రాసి పెట్టుకోండి. అది తప్పిపోతుందేమోనన్న తొందర్లోనే కాలు మడతపడుతుంది.

ముందు రోజు సాయంత్రం మెతెయో ఫ్రాన్స్ వాతావరణ సూచన చూడండి. హెచ్చరికలు జిల్లాలవారీగా పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటాయి, ఈ ఊరి జిల్లా పేరు ఓత్-పిరెనే. నారింజ రంగులో ఉరుముల హెచ్చరిక ఉంటే కొండ మానేసి, దారిలో ఉండే లూజ్-సెయింట్-సోవూర్ అనే ఊళ్లోనో లూర్దులోనో ఆ రోజు గడపండి. కుంభవృష్టి హెచ్చరికను అంతకన్నా గట్టిగా పట్టించుకోండి. 2013 జూన్‌లో ఇదే గావ్ నది పొంగి లోయలో రోడ్లు తెంపేసింది, లూర్దు గుహను కూడా ముంచేసింది.

మన పొలాల్లో వాన రాగానే చెట్టు కిందకి పరుగెత్తి పిడుగుపాటుకు బలైనవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. కొండ మీద కూడా అదే ప్రమాదం. ఒంటరి చెట్టు, శిఖరపు అంచు, గుహ నోరు, ఇనుప గొలుసులు, వీటికి దూరంగా ఉండండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్ల కన్నా తక్కువ ఉందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. వెంటనే దిగువకు దిగండి. దిగే వీలు లేకపోతే ఇనుప కర్రలు పక్కన పడేసి, సంచి మీద రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని గొంతుక్కూర్చోండి. గుంపుగా ఉంటే ఒకరికొకరు దూరం జరగండి.

కుర్రాళ్లు వెళ్లాలనుకునే గండి

తూలూజ్ నుంచి వచ్చే కుర్రాళ్ల దృష్టంతా బ్రెష్ ద రోలాఁ మీదే ఉంటుంది. 2807 మీటర్ల ఎత్తున కొండ శిఖరంలో సుమారు 40 మీటర్ల వెడల్పున్న గండి అది. రోలాఁ అనే వీరుడు తన కత్తితో కొండను చీల్చాడని కథ. అటు పక్క స్పెయిన్. కారులో తాంత్ కనుమ దాకా వెళ్లి అక్కడి నుంచి నడుస్తారు. పోనూ రానూ ఆరేడు గంటలు పడుతుంది. ఎక్కేది ఆరువందల మీటర్లే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మధ్యలో హిమానీనదం నుంచి వచ్చే ఏరు దాటే చోట తడిరాళ్లు జారుతాయి. 2587 మీటర్ల దగ్గరున్న సారాదె విశ్రాంతి గృహం దాటాక నిటారు కంకర, దాని మీద మంచు.

ఏటవాలు మంచు మీద జారితే ఆగడం దాదాపు అసాధ్యం. కింద రాళ్లు ఉంటాయి. బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్ల పట్టీలు, మంచుగొడ్డలి ఉండాలి, వాటిని వాడడం కూడా వచ్చి ఉండాలి. షాపులో అద్దెకు తీసుకుని మొదటిసారి అక్కడే కట్టుకోవడం అలవాటు అనిపించుకోదు. బయల్దేరే ముందు గవార్నీలో నేషనల్ పార్క్ ఆఫీసులోనో సారాదె విశ్రాంతి గృహానికి ఫోన్ చేసో మంచు ఎంత ఉందో అడగండి. ఇంకా ఉందన్నారంటే గైడుతోనే వెళ్లండి. పొగమంచు నిమిషాల్లో కమ్మేస్తుంది, ఫోన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట అయిందంటే గండి కనబడుతున్నా సరే వెనక్కి తిరగండి.

తెల్ల కుక్కలు

ఇది మన అలవాట్ల వల్ల మనకే ఎక్కువ అవసరమైన జాగ్రత్త. ఎండాకాలం కొండల మీద గొర్రెల మందలుంటాయి, మందకు కాపలాగా పతూ అనే పెద్ద తెల్ల కుక్కలుంటాయి. ఒక్కోసారి కాపరి కనుచూపు మేరలో ఉండడు. కుక్క మొరుగుతూ మీ మీదికి పరుగెత్తుకొస్తుంది. మన దగ్గర వీధికుక్క వస్తే వంగి రాయి తీసినట్టు నటిస్తాం, అది పారిపోతుంది. పతూ పారిపోదు. రాయి, కర్ర ఎత్తితే మందను కొట్టడానికే వచ్చారనుకుని ఇంకా తెగిస్తుంది.

మందను చూడగానే దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి, మధ్యలోంచి వెళ్లొద్దు. కుక్క దగ్గరికొస్తే ఆగండి. పరుగెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు, అరవొద్దు. మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడుతూ, సంచి మీకూ దానికీ మధ్య పట్టుకుని నిలబడండి. అది వాసన చూసి, మీరెవరో తేల్చుకుని వెళ్తుంది. అప్పుడు మెల్లగా పక్కకు జరగండి. పిల్లలకు ఇది ముందే చెప్పి, అమ్మానాన్నల వెనక నిలబడాలని నేర్పండి. గొర్రెపిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగడం అసలు వద్దు. దూడలున్న ఆవుల దగ్గరికీ వెళ్లొద్దు, ఊళ్లో ఆవుల్లా అవి మనిషికి అలవాటు పడ్డవి కావు.

కింద లోయలో గడ్డి, పొదల్లో నడిచి వచ్చాక ఒళ్లంతా చూసుకోండి. అక్కడి పిడుజుల వల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. పట్టిన పిడుజును తీసే చిన్న కొక్కెం ఫార్మసీల్లో అమ్ముతారు. కరిచిన చోట కొన్ని రోజులకు ఎర్రటి వలయం పెరుగుతూ వస్తే డాక్టరుకు చూపించాలి.

నీళ్ల దగ్గర

నది పుట్టిన చోటు కదా అని స్నానానికి దిగాలనిపిస్తుంది. కరిగిన మంచునీళ్లు, ఒళ్లు కొయ్యబారిపోతుంది, ప్రవాహం కాళ్లు లాగేస్తుంది. తీర్థంలా దోసిట్లో తీసుకుని తలమీద చల్లుకోండి, చాలు. తాగొద్దు, పైన పశువులు తిరుగుతుంటాయి. గవార్నీ కింద, లూజ్ వైపు లోయలో ప్రాగ్నేర్ లాంటి జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. పైన నీళ్లు వదిలితే ఎండ కాస్తున్నప్పుడు కూడా ఏరు ఒక్కసారిగా పెరుగుతుంది. ఒడ్డున ఆ సంగతి చెప్పే పసుపు బోర్డు ఉంటే రాళ్ల మీదికి దిగకండి.

రాఫ్టింగ్, లూజ్ దగ్గర 1861 నాటి నెపోలియన్ వంతెన మీద నుంచి తాడు కట్టుకుని దూకడం లాంటివి చేయాలనుకుంటే, నేర్పేవారి దగ్గర ప్రభుత్వం ఇచ్చిన కార్త్ ప్రొఫెసియొనెల్ అనే వృత్తి గుర్తింపు కార్డు ఉందా అని అడగండి. ఫ్రాన్స్‌లో డబ్బు తీసుకుని నేర్పేవారికి అది తప్పనిసరి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఫిబ్రవరిలో వెళ్లేవాళ్లు

ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. గుణదలలో జనసంద్రం ఉండే ఆ రోజుల్లోనే కొందరు లూర్దుకూ వస్తారు. అప్పుడు గవార్నీ నిండా మంచు. తాంత్ కనుమ రోడ్డు మూసేస్తారు. సిర్క్ బాట మీదికి కూడా మంచుచరియలు జారిపడే చోట్లున్నాయి. ప్రమాద స్థాయి ఒకటి నుంచి ఐదు దాకా రోజూ ప్రకటిస్తారు. మూడు అంటే మధ్యస్థం కదా అనుకోవద్దు, ప్రాణాలు పోయే ప్రమాదాలు ఆ స్థాయిలోనూ జరుగుతాయి. గైడు లేకుండా ఊరు దాటి వెళ్లొద్దు.

అద్దె కారు తీసుకుంటే నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఈ కొండప్రాంతంలో శీతాకాలపు టైర్లో, డిక్కీలో గొలుసులో ఉండాలన్నది చట్టం. కారు తీసుకునేటప్పుడే అడిగి చూసుకోండి. ఇరుకు ఘాట్‌రోడ్డులో ఎదురెదురు పడితే దిగేవాడు ముందు ఆగి ఎక్కేవాడికి దారివ్వాలి. బోర్డు మీద ఫెర్మే అని ఉంటే మూసేశారని, షూత్ ద పియెర్ అని ఉంటే రాళ్లు పడతాయని గుర్తుపెట్టుకోండి.

ఏదైనా జరిగితే

112కి ఫోన్ చేయండి. ఇంగ్లీషులో చెప్పొచ్చు. ఎక్కడున్నారు, ఎంతమంది, ఎవరికి ఏం దెబ్బ, ఫోన్ మ్యాప్‌లో కనిపించే అంకెలు, వరుసగా చెప్పి, వాళ్లు పెట్టేదాకా ఫోన్ పెట్టకండి. సరిహద్దు దగ్గర ఫోన్ స్పెయిన్ నెట్‌వర్క్ పట్టుకోవచ్చు, అందుకని ఫ్రాన్స్ వైపు గవార్నీ దగ్గర ఉన్నామని ముందే చెప్పండి. హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ పైకెత్తితే సాయం కావాలని, ఒక చెయ్యి పైకి ఒక చెయ్యి కిందికి పెడితే అక్కర్లేదని అర్థం. ఉత్సాహంగా చెయ్యి ఊపకండి.

అక్కడ కొండల్లో రక్షించేది పోలీసు దళాలు, జాందార్మ్ అనే సైనిక పోలీసు దళాలు. వాళ్లు వచ్చి దించినందుకు మామూలుగా డబ్బు తీసుకోరు. స్కీయింగ్ మైదానాల్లో మాత్రం బిల్లు వేస్తారు, ఆస్పత్రి ఖర్చు ఎక్కడైనా మనదే. షెంగెన్ వీసాకు చేసే కనీసం 30,000 యూరోల బీమా ట్రెకింగ్‌కు వర్తిస్తుందో లేదో ఇండియాలో ఉండగానే చదువుకోండి. కొన్ని పాలసీలు ఫలానా ఎత్తు దాటితే వర్తించవు. ఆ కాగితం ఫొటో మీ ఫోన్లో ఒకటి, లూర్దులో ఉండిపోయిన మీవాళ్ల ఫోన్లో ఒకటి ఉంచండి. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో వాళ్లకు రాసివ్వండి. ఆ టైము దాటి మీ ఫోన్ కలవకపోతే 112కి చేయమని చెప్పి మరీ బస్సెక్కండి.