ఎస్సై గారు వచ్చిపొమ్మన్నారంటే: మండల విలేకరి దగ్గర ఉండాల్సిన కాగితాలు

పొద్దున పేపర్లో స్వర్ణముఖి ఇసుక వార్త వస్తుంది. పది గంటలకల్లా స్టేషన్ నుంచి ఫోన్: "అన్నా, ఎస్సై గారు ఒకసారి వచ్చిపొమ్మంటున్నారు, పెద్దగా ఏం లేదు." చంద్రగిరి అయినా, శ్రీకాళహస్తి అయినా, పలమనేరు అయినా మాట ఇదే. ఆ ఫోన్ వచ్చాక ఏం చేయగలమన్నది చాలావరకు వార్త పంపక ముందు మనం ఏం దాచుకున్నామన్న దాని మీదే ఉంటుంది. అందుకని ఫైలుతోనే మొదలుపెడదాం.

వార్త పంపే ముందు

వివాదం రేపే ప్రతి వార్తకూ ఒక అట్ట ఫైలు పెట్టండి. ఇసుక వార్తే తీసుకుంటే అందులో ఉండాల్సినవి: రేవు దగ్గర తీసిన ఫొటోల అసలు ఫైళ్లు, నోటు పుస్తకంలో ఆ రోజు పేజీ (తేదీ, టైము, ఎక్కడ నిలబడి చూశారు, లారీ నంబర్లు), మైనింగ్ శాఖ ఇచ్చిన అనుమతి కాపీ లేదా అనుమతి లేదన్న సమాచార హక్కు జవాబు, అవతలివాళ్లను వివరణ అడిగినట్టు రుజువు, చివరగా మీరు డెస్క్‌కు పంపిన కాపీ. ఆఖరిదాన్ని చాలామంది దాచుకోరు. డెస్క్‌లో హెడ్డింగ్ మారుతుంది, ఒక్కోసారి "ఆరోపణలు" అన్న మాట ఎగిరిపోతుంది. కేసు మాత్రం మీ పేరు మీదా వస్తుంది. మీరు ఏం రాశారో చూపించే కాగితం మీ దగ్గరే ఉండాలి.

ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన సమయం, స్థలం వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైలును ఫోన్లోంచి తీసేయకండి, క్రాప్ చేయకండి. అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ ఎక్కించి వేరే ఇంట్లో పెట్టండి. రేపు కోర్టులో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. ఫైలులో ఏ కొంచెం మార్చినా ఆ విలువ మారిపోతుంది.

సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10. జవాబుకు గడువు 30 రోజులు. వార్త అంతవరకూ ఆగదు నిజమే, అయినా దరఖాస్తు పెట్టి ఉంచండి. కేసు అంతకంటే నెమ్మదిగా నడుస్తుంది.

ఫైలును కనీసం మూడేళ్లు దాచాలి. క్రిమినల్ పరువు నష్టం ఫిర్యాదుకు గడువు మూడేళ్లు, సివిల్ దావాకు ఏడాది.

వివరణ, యాడ్

ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి. చిన్న విలేకరులను పట్టుకునే సులువైన దారి పరువు నష్టం కాదు, భారతీయ న్యాయ సంహిత 308, అంటే బెదిరించి డబ్బు గుంజడం. మండల కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, లైన్ అకౌంట్ (అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే డబ్బు) ఉంటే ఉంటుంది, పైగా యాడ్స్ టార్గెట్ నెత్తిన ఉంటుంది. పండగ యాడ్ అడిగిన క్రషర్ యజమాని మీదే వారం తిరక్కుండా వార్త రాయాల్సి వస్తుంది. ఆయన పాత కాల్ రికార్డు తీసుకెళ్లి "డబ్బులివ్వలేదని రాశాడు" అంటాడు. ఇక్కడే ఎందరో ఇరుక్కుంటున్నారు. విలేకరితో యాడ్స్ అడిగించే సంస్థల తప్పు ఇది, శిక్ష పడేది మాత్రం విలేకరికి.

కాబట్టి ఎవరి మీద వార్త నడుస్తోందో వాళ్లను యాడ్ అడగకండి. అడగాల్సిందేనని ఆఫీసు పట్టుబడితే, "ఈ పార్టీ మీద వార్త ఉంది, యాడ్ అడగను" అని ఎడిషన్ ఇన్‌చార్జికి ఒక మెయిల్ పెట్టండి. వివరణ అడిగేది ఫోన్లో మాత్రమే కాకుండా మెసేజ్‌గానూ పంపండి: "ఫలానా తేదీన ఫలానా సర్వే నంబరులో తవ్వకాలు జరిగాయని గ్రామస్తులు చెబుతున్నారు. అనుమతి ఉందా? సాయంత్రం 6 లోపు చెబితే మీ మాట కూడా రాస్తాం." ఇందులో డబ్బు మాట, "లేకుంటే చూడండి" అన్న మాట రాకూడదు. జవాబు రాకపోతే "వివరణ కోరగా స్పందించలేదు" అని వార్తలో రాయండి.

స్టేషన్ నుంచి పిలుపు

ఫోన్లో పిలిస్తే మర్యాదగానే అడగండి: "ఏ కేసు సార్? నోటీసు ఇవ్వండి, వస్తాను." నోటీసు చేతికొచ్చాక ముందు సెక్షన్ చూడండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, పాత నంబర్లన్నీ మారాయి.

179 అని ఉంటే మిమ్మల్ని సాక్షిగా పిలిచారు. 60 ఏళ్లు దాటినవారిని, మహిళలను వాళ్ల ఇంటి దగ్గరే విచారించాలి. మీరు చెప్పింది రాసుకున్నాక ఆ వాంగ్మూలం మీద మీ సంతకం అక్కర్లేదు, తీసుకోకూడదు కూడా. తెల్ల కాగితం మీద అసలే పెట్టకండి.

94 అయితే పత్రం లేదా పరికరం తెమ్మంటున్నారు. ఏది కావాలో స్పష్టంగా రాయమనండి. "ఫోన్ తీసుకురా" అని ఊరికే అంటే, వార్తకు సంబంధించిన ఫైళ్ల కాపీ ఇస్తానని రాతపూర్వకంగా జవాబివ్వండి.

35(3) అయితే మీ మీదే ఆరోపణ ఉంది. చెప్పిన రోజుకు తప్పకుండా హాజరవ్వండి. హాజరవుతున్నంత కాలం, కారణాలు రాసిపెట్టకుండా అరెస్టు చేయకూడదు. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని వాట్సాప్ నోటీసును పక్కన పడేయకండి. వకీలుకు చూపించి, "పద్ధతి ప్రకారం నోటీసు ఇవ్వండి, హాజరవుతాను" అని ఆ రోజే రాసి పంపండి. వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు వెంట ఉండాలి, లోపలికి వెళ్లిన టైము ఇంట్లో తెలియాలి. తీసుకున్న ప్రతి కాగితానికీ కాపీ అడగండి, ఇచ్చిన ప్రతి కాగితం మీద అందినట్టు ముద్ర వేయించండి.

వార్త రెచ్చగొట్టేలా ఉందని న్యాయ సంహిత 196 గానీ, వదంతులని 353 గానీ పెడతారు. రెండింటికీ మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఇలాంటి మాటల కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు సురక్ష సంహిత 173(3) కింద 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడం తగినదని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వకీలు మొదటి అర్జీలోనే ఈ తీర్పును ఎత్తిచూపాలి. అరెస్టే జరిగితే కారణాలు రాతలో ఇవ్వమనండి. న్యూస్‌క్లిక్ వార్తా వెబ్‌సైట్ ఎడిటర్ ప్రబీర్ పురకాయస్థ 2024 మేలో విడుదలైంది ఆ కాగితం ఇవ్వనందుకే.

ఫోన్ తీసుకుంటే

చేతిలోంచి లాక్కుని జేబులో వేసుకోవడం జప్తు కాదు. పంచనామా రాయాలి, ఇద్దరు మధ్యవర్తులు సంతకం చేయాలి, సురక్ష సంహిత 105 ప్రకారం ఆ పనంతా వీడియో తీయాలి, జాబితా కాపీ మీకివ్వాలి. జాబితాలో ఉండాల్సినవి: ఫోన్ మోడల్, ఐఎంఈఐ నంబరు, సిమ్ ఎన్ని, మెమరీ కార్డు ఉందా, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లోనా, సీలు వేశారా. ఐఎంఈఐ ఇప్పుడే *#06# నొక్కి చూసి నోటు పుస్తకం అట్ట లోపల రాసుకోండి, ఫోన్ పోయాక కనిపించదు. కాపీ తీసేటప్పుడు హ్యాష్ విలువ నమోదు చేయమని రాతపూర్వకంగా అడగండి. అది లేకపోతే తర్వాత ఫోన్లో ఏం చేరిందో తేల్చడం కష్టం. పాస్‌వర్డ్ చెప్పాలా వద్దా అన్నది వకీలును అడిగాకే. ఫోన్ తిరిగి ఇప్పించమని అదే సంహిత 497 లేదా 503 కింద మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయవచ్చు.

నోటీసు వచ్చాక ఏదీ డిలీట్ చేయకండి, అది వేరే నేరం అవుతుంది. జాగ్రత్త ముందే పడాలి. సమాచారం ఇచ్చిన వీఆర్‌ఓ పేరు ఫోన్లో ఉండకూడదు, ఆ సంభాషణ ఫోన్లో జరగకూడదు. ఎవరు చెప్పారో దాచే హక్కు మన చట్టంలో విలేకరికి ఒక్క చోటే ఉంది: 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2). అదీ కౌన్సిల్ ముందు మాత్రమే. స్టేషన్లోనూ కోర్టులోనూ అది కాపాడదు. మనల్ని నమ్మి చెప్పినవాడి ఉద్యోగం మన నోటు పుస్తకంలో ఉంటుంది.

పరువు నష్టం

న్యాయ సంహిత 356 కింద పోలీసులు నేరుగా కేసు కట్టలేరు. బాధితుడు మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు చేసుకోవాలి. కేసును విచారణకు తీసుకునే ముందే సురక్ష సంహిత 223 ప్రకారం మీ వాదన వినాలి. ఆ మొదటి వాయిదాకే ఫైలుతో వెళ్లండి. నిజం రాశామంటే చాలదు, ప్రజాహితం కోసం రాశామని కూడా చూపాలి. లీగల్ నోటీసుకు గడువులోపు జవాబివ్వండి, తప్పు దొర్లి ఉంటే సవరణ వేయించండి. ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవాధికార సంస్థకు 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఒక పార్టీదే పాపం అనుకోకండి. 2007లో జీవో 938, 2019 అక్టోబరులో జీవో 2430 వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని అధికారుల చేతికిచ్చాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే కొన్ని చానళ్లు కేబుల్లో మాయమయ్యాయి. టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు ఆపరేటర్లను ఆదేశించాల్సి వచ్చింది. మీ చానల్ ఇలా ఆగితే ఏ ఊళ్లో, ఏ ఆపరేటర్ దగ్గర, ఏ తేదీ ఎన్ని గంటల నుంచి రావడం లేదో చందాదారుల చేత రాయించి పెట్టండి. కోర్టులో "సాంకేతిక లోపం" అన్న జవాబును కదిలించేవి ఆ కాగితాలే.

బెదిరింపు వస్తే

మీరే ఫిర్యాదు ఇవ్వండి. మెయిల్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎస్సై తీసుకోకపోతే సురక్ష సంహిత 173(4) కింద తిరుపతి లేదా చిత్తూరు ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫైల్లో పెట్టండి, ఆ తర్వాత అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరకు. పత్రికవాళ్లయితే ప్రెస్ కౌన్సిల్‌కూ రాయవచ్చు. టీవీ, యూట్యూబ్ దాని పరిధిలోకి రావు. అధికారిని శిక్షించే అధికారం కౌన్సిల్‌కు లేదు గానీ, ప్రభుత్వ ప్రవర్తన మీద వ్యాఖ్య చేయగలదు. హైకోర్టులో ఆ వ్యాఖ్య పనికొస్తుంది.

అక్రిడిటేషన్ కార్డు లేదు కాబట్టి విలేకరివే కాదని స్టేషన్లో అంటారు. ఆ కార్డు ప్రభుత్వం ఇచ్చే వెసులుబాటు. రాసే హక్కు రాజ్యాంగం 19(1)(ఎ)లో పౌరులందరికీ ఉంది. అయినా డెస్క్ నుంచి "ఈ మండలానికి మా విలేకరి" అని ఒక్క లైను మెయిల్ తెప్పించుకోండి. గొడవ మొదలయ్యాక సంస్థలు ఆ లైను రాసివ్వడానికి వెనకాడతాయి, కాబట్టి ఈ వారంలోనే అడగండి.