ఆయిల్ పంపు మార్చే ముందు జాలీ తీసి చూడండి

మే నెల మిట్ట మధ్యాహ్నం. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే ఒక పెద్దాయన వంద సీసీ బండి నెట్టుకుంటూ మా షెడ్డుకొచ్చాడు. ఇంజన్ ఆడుతోంది గానీ హెడ్డులో (ఇంజన్ పైభాగంలో) టకటకమని ఒకటే మోత. దారిలో ఎవరో "ఆయిల్ పంపు పోయింది, ఆ కంపెనీ బళ్లంతే, అమ్మేయ్" అన్నారట. ఆయన భయపడి ఇంజన్ ఆపేసి నెట్టుకొచ్చాడు. ఆపేయబట్టే హెడ్డు బతికింది.

క్లచ్ కేసు విప్పి చూస్తే పంపు బాగానే ఉంది. దాని కింద ఆయిల్ వడకట్టే జాలీ నిండా బూడిదరంగు ముక్కలు. ప్యాకింగుకి పూసే సిలికాన్ పేస్టు ఎండి, లోపల ఊడి, అక్కడికి చేరింది. అంతకుముందు ఆ కేసు విప్పిన మెకానిక్కు ఎవరో కాదు, నేనే. ఆయిల్ కారుతుందేమోనని ధారాళంగా పూశాను. ఆ మాట పెద్దాయనకు చెప్పేసి లేబర్ తీసుకోలేదు. "పోన్లే తమ్ముడూ, నువ్వు చేసిందేగా, నువ్వే బాగుచేశావు" అని నవ్వాడు.

పంపులో పెద్ద మాయ ఏమీ లేదు. మన రోడ్ల మీద తిరిగే చాలా ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఒక రోటరులో ఇంకో రోటరు తిరుగుతుంటుంది. కొన్నిట్లో గేరు తిప్పుతుంది, కొన్నిట్లో టైమింగ్ చైన్ వైపు నుంచి తిరుగుతుంది. అడుగున ఉన్న ఆయిల్‌ని జాలీ గుండా పీల్చి క్రాంకుకీ, పైన హెడ్డుకీ పంపుతుంది. కృష్ణా కాలవలో నీళ్లు తగ్గితే ముందు ఎండేవి శివారు భూములే కదా. ఇక్కడ ఆ శివారు హెడ్డు. అందుకే ఆయిల్ తగ్గగానే అక్కడ వాల్వులు కదిపే క్యామ్, రాకర్లు ముందు అరుస్తాయి. వంద సీసీ బళ్లలో చాలావాటికి ఆయిల్ ప్రెషర్ లైటు కూడా ఉండదు. చెవే మీటరు.

మోత వినపడగానే పంపు మీద పడకండి. ముందు ఇంజన్ ఆడకముందే గేజు, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి చూడండి. దానికి ఏమీ అంటకపోతే అసలు స్టార్టే చేయొద్దు. అంటితే బండిని సమానంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేసి మూడు నాలుగు నిమిషాలు ఆడించి, ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలాగి గేజు చూడండి. హీరో, హోండా బళ్లలో గేజు తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే లేని ఆయిల్ ఉన్నట్టు కనపడుతుంది. నా దగ్గరకు "పంపు పోయింది" అని వచ్చే బళ్లలో సగానికి ఇక్కడే తేలిపోతుంది, గేజుకి చుక్క అంటదు.

ఆయిల్ సరిపడా ఉందా? అయితే హెడ్డు మీది ట్యాపెట్ మూత తీయండి. ఇంజన్ పడుకోబెట్టినట్టుండే బళ్లకు పై మూతే తీయండి, కిందది తీస్తే ఆయిల్ నేలపాలు. స్లోలో ఆడించి రాకరు మీదకు ఆయిల్ వస్తోందా చూడండి. నిమిషంలోపు తడి కూడా రాకపోతే వెంటనే ఆపేయాలి. వస్తూ కూడా మోత ఉంటే అది ట్యాపెట్ సెట్టింగో, క్యామ్ అరుగుదలో, చైను సంగతో, పంపుకి సంబంధం లేదు.

రాలేదంటే ఇక విప్పడమే. ఆయిల్ దించి, కిక్కు రాడ్డు తీసి, కుడివైపు కేసు తీయండి. జాలీ లాగి పెట్రోల్లో కడిగి వెలుతురుకి పెట్టి చూడండి. నల్లటి పీచు ఉంటే క్లచ్ ప్లేట్లది, మెరిసే పొడి ఉంటే ఏదో లోహం అరుగుతోంది, అప్పుడు ఇంజన్ మొత్తం చూడాల్సిందే. క్రాంకు చివర తిరిగే గిన్నెలాంటి ఫిల్టరు ఉన్న బళ్లలో దాని మూత కూడా తీయండి. లోపల మడ్డి గోడకు అంటుకుని ఉంటుంది, బురదలాగా గీకాలి.

తర్వాతే పంపు. రోటర్ల మీద గోరుకు తగిలే గీతలు పడ్డాయా, బాడీలో గాడి పడిందా చూడండి. రోటరు కొనల మధ్య సందు ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలచటి రేకులతో) కొలవండి. హోండా తరహా పంపులకు 0.20 మిల్లీమీటర్లు దాటితే మార్చడం మేలు. మిగతావాటికి మీ బండి మాన్యువల్ చూసుకోండి. "ఓ-రింగు" అనే రబ్బరు రింగు పాతది మళ్లీ వేయకండి. అది గట్టిపడితే పంపు గాలి పీలుస్తుంది, కొత్త పంపు వేసినా అంతే.

బిగించేటప్పుడు పంపులో కాస్త ఆయిల్ పోసి చేత్తో తిప్పండి. ప్యాకింగ్ కొత్తది వేస్తే పేస్టు దాదాపు అక్కర్లేదు, పూసినా వేలి కొనతో పలచగా. స్టార్ట్ చేశాక రేస్ ఇవ్వకుండా ట్యాపెట్ మూత దగ్గర ఆయిల్ కనపడేదాకా ఆగండి.

ఏ కంపెనీ పంపు గట్టిది అని రోజుకొకరైనా అడుగుతారు. కంపెనీ కన్నా ఆ బండి కట్టిన తీరు చూడండి. పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్‌కి ఆయిల్ పంపేందుకో పంపు, వెనక్కి లాగేందుకో పంపు ఉంటాయి. నెలల తరబడి కదపకపోతే ఆయిల్ ట్యాంకులో ఉన్నది క్రాంకు కేసులోకి దిగిపోయి గేజులో తక్కువ చూపిస్తుంది. పోయిందనుకుని పైన ఇంకో లీటరు పోసేవాళ్లున్నారు, అలా చేస్తే ఆయిల్ అన్నివైపులా కక్కుతుంది. యమహా ఆర్ఎక్స్ 100 కథ వేరు. అది టూ స్ట్రోక్, పంపు ఆయిల్‌ని పెట్రోలుతో పాటు కాలిపోయేలా అందిస్తుంది. అది ఆగితే పిస్టన్ పట్టేస్తుంది. కేబుల్ మార్చినప్పుడల్లా పంపు మీద గుర్తు కలిసిందా చూసుకుని పంపులోని గాలి తీసేయండి. పంపు పీకేసి పెట్రోల్ ట్యాంకులో ఆయిల్ కలుపుకునేవాళ్లు ప్రతిసారీ కొలత తప్పకూడదు, నాకైతే పంపే ఇష్టం.

ఆయిల్ మాటకొస్తే డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) అనే గుర్తు ఉండాలి. గేరు బళ్లలో క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్ పోస్తే జారొచ్చు. చిక్కదనం నంబరు హీరో వంద సీసీకి 10డబ్ల్యూ30, కొత్త తరహా 350 సీసీ బుల్లెట్లకు 15డబ్ల్యూ50. "మన ఎండకి చిక్కటిది పోయన్నా" అంటారు గానీ చలి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కదనమే హెడ్డుకి ఆలస్యంగా చేరుతుంది. మన ఎండలకీ, విజయవాడ ట్రాఫిక్కుకీ నేను మూడు వేల కిలోమీటర్లకే మార్చేస్తాను. ఖాళీ డబ్బా మాత్రం మీ ఎదుటే కత్తితో కోయించండి. అదే డబ్బా నాసిరకం ఆయిల్‌తో మళ్లీ షాపులో కూర్చోవడం నేను చూశాను.