అమ్మానాన్నలకి సీనియర్ లివింగ్ కమ్యూనిటీ సరిపోతుందో లేదో తేల్చుకోవడం ఎలా?

పోయినేడు వేసవిలో మా అమ్మ విశాఖ ఎంవీపీ కాలనీ ఇంటి మేడమెట్ల మీద జారిపడింది. ఎముక విరగలేదు. మోచెయ్యి గీరుకుపోయి, నాలుగు రోజులు నడుం పట్టేసింది, అంతే. కానీ పైవాటాలో అద్దెకున్నవాళ్ళు బజారు నుంచి తిరిగొచ్చేదాకా, అరగంట పైనే ఆ మెట్టు మీద ఒక్కతే కూర్చుంది. ఆ రాత్రి డల్లాస్ నుంచి అన్నయ్య, గాజువాక నుంచి నేను ఫోన్లో మాట్లాడుకుంటుంటే మొదటిసారి ఆ మాట వచ్చింది: "అమ్మని ఏదైనా సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో ఉంచితే?" అంటే, భోజనం, డాక్టరు ఉమ్మడిగా ఉండే, పెద్దవాళ్ళ కోసమే కట్టిన ఇళ్ళ సముదాయంలో.

జవాబు తేలడానికి మాకు ఏడు నెలలు పట్టింది. విశాఖలో మాలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీలోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో, నేవీలోనో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. అలాంటి ఇళ్ళవాళ్ళ కోసం మేం వెళ్ళిన వరసని ఇక్కడ రాస్తున్నాను. చేసిన తప్పులు కూడా ఇందులోనే ఉన్నాయి.

1. ముందు అమ్మ రోజును కాగితం మీద పెట్టండి

మేం మొదట చేసిన తప్పు ఫోన్లో బొమ్మలు చూడటం. స్విమ్మింగ్ పూలు, యోగా హాలు, పచ్చిక. అవి అమ్మకి కావాలో వద్దో ఎవరం అడగలేదు. ఒక వారం పక్కన ఉండి, మీవాళ్ళు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేస్తారో రాయండి.

అమ్మ కాగితం ఇలా వచ్చింది. ఐదింటికి లేవడం, ముగ్గు, కాఫీ. ఆరున్నరకి రైతు బజారు. అక్కడ కొనేది పావుకిలో బెండకాయలు, పలకరించేది పదిమందిని. వారానికి రెండుసార్లు చేపలావిడ తట్టతో గుమ్మం ముందుకి వస్తుంది, చందువా బేరం అరగంట సాగుతుంది. సాయంత్రం పక్కింటి పిన్నిగారితో అరుగు మీద కబుర్లు. ఒంట్లో బాగుంటే శనివారం సింహాచలం. రాత్రి బీపీ మాత్ర, అది రెండుమూడు రోజులకోసారి మర్చిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటి దాకా ఏమీ లేదు. భోజనం కూడా చాలా రోజులు పెరుగన్నంతో సరి. ఒక్కదానికి వండుకోబుద్ధి కాక. ఆ నాలుగు గంటల ఖాళీ కాగితం మీదికి వచ్చేదాకా మా ఇద్దరికీ తెలియదు.

ఇప్పుడు ప్రతి పనికీ ఎదురుగా ఒక మాట రాయండి: అక్కడికి వెళ్తే ఇది ఉంటుందా, పోతుందా, మెరుగవుతుందా? మా కాగితంలో మాత్ర, భోజనం, మధ్యాహ్నం మెరుగయ్యాయి. బజారు, చేపలావిడ, పిన్నిగారు పోయారు.

2. చింతపిక్కలతో తూచండి

మంచిచెడ్డల జాబితా రాస్తే రెండువైపులా పదేసి వస్తాయి, ఏమీ తేలదు. అన్నీ ఒకే బరువువి కావు కదా. అమ్మ చిన్నప్పుడు మాతో గవ్వలు, చింతపిక్కలు ఆడించేది. ఆ పిక్కలే తీశాం. కాగితం మీద పన్నెండు విషయాలు రాసి, అమ్మకి ఇరవై పిక్కలు, నాకు ఇరవై ఇచ్చుకున్నాం. ఏది ఎంత ముఖ్యమో దాని మీద అన్ని పిక్కలు పెట్టాలి. ఒకరు పెట్టేటప్పుడు ఇంకొకరు చూడకూడదు.

నేను "రాత్రిపూట నర్సు" మీద ఎనిమిది పెట్టాను. అమ్మ దాని మీద ఒకటి పెట్టింది. "నాకు నచ్చింది వండుకోవడం" మీద ఐదు, "తెలిసినవాళ్ళు" మీద ఆరు. "పిల్లలకి టెన్షన్ లేకుండా ఉండటం" అనేది నేను రాయలేదు, అమ్మే పెన్ను తీసుకుని కింద రాసి నాలుగు పెట్టింది. నేను కాసేపు లేచి అవతలికి వెళ్ళాల్సి వచ్చింది.

మీ ఇంట్లో ఇది చేస్తే ఒక జాగ్రత్త. పిల్లల పిక్కలు పిల్లల భయానికి కొలత. నిర్ణయం పెద్దవాళ్ళ పిక్కల మీద జరగాలి, వాళ్ళ మతి స్థిమితంగా ఉన్నంతకాలం. డల్లాస్‌లో ఉన్న కొడుకు నిద్రపట్టడం కోసం అమ్మ ఇల్లు మారకూడదు. అన్నయ్యకి ఈ మాట ఎదురుగానే చెప్పాను.

3. ఏ రకం ఇల్లో తెలుసుకోండి

పేరు ఒకటే అయినా లోపల మూడు నాలుగు రకాలు. తమ పనులు తాము చేసుకోగలవాళ్ళకి ఫ్లాట్లు, విల్లాలు ఉంటాయి, భోజనశాల, డాక్టరు, వాచ్‌మన్ ఉమ్మడిగా. స్నానానికి, మందులకి మనిషి సాయం కావాల్సినవాళ్ళకి అసిస్టెడ్ లివింగ్. మతిమరుపు జబ్బు, మంచానపడ్డ స్థితి ఉన్నవాళ్ళకి విడిగా కేర్ హోములు. దాతల మీద నడిచే వృద్ధాశ్రమాలు వేరు. డబ్బు కట్టే పద్ధతి కూడా మూడు రకాలు: కొనుక్కోవడం, పెద్ద డిపాజిట్ కట్టి ఉండటం, నెలనెలా అద్దె.

కోయంబత్తూరు, చెన్నై, బెంగళూరు, పుణె లాంటి చోట్ల ఇవి ముందే పెరిగాయి, అక్కడ ఎంపిక ఎక్కువ. మేం ఒకటి చూశాం కూడా. వసతులకి వంక పెట్టలేం. కానీ భోజనాల బల్ల దగ్గర తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని భాష రాని చోట కూర్చోబెట్టడం నాకు మనసొప్పలేదు.

4. డబ్బు పదేళ్ళకి లెక్కవేయండి

ముందు ఇప్పుడున్న ఇంటి ఖర్చు నిజంగా ఎంతో రాయండి. పనిమనిషి, గ్యాసు, కరెంటు, ఇంటిపన్ను, ఆటోలు, మోటారు రిపేర్లు, ఉప్పుగాలికి తుప్పుపట్టిన గ్రిల్సు. సొంతిల్లు ఊరికే రాదు, ఆ లెక్క చాలామంది వేయరు.

తర్వాత అటువైపు. నెలకి చెప్పిన రేటులో భోజనం ఉందా, నర్సు ఉందా, బట్టలుతకడం ఉందా, జీఎస్టీ కలిసిందా అడగండి. ఏటా ఎంత పెంచుతారో కాగితం మీద చూపించమనండి. ఈరోజు 25,000 అనుకుంటే, ఏటా 8 శాతం చొప్పున పెరిగి పదేళ్ళకి దాదాపు 54,000 అవుతుంది. ఆ ఖర్చుని వడ్డీతో కడదామనుకుంటే, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో ఒకరు పెట్టగలిగే గరిష్ఠం 30 లక్షలు. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకి 61,500, అంటే నెలకి 20,500. అక్కడి ఛార్జీ ఏటా పెరుగుతుంది, ఐదేళ్ళ దాకా ఆ వడ్డీ పెరగదు. పెన్షన్ ఉన్నవాళ్ళకి ఒక లెక్క, వడ్డీల మీద బతికేవాళ్ళకి ఇంకో లెక్క.

డెబ్బై దాటినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డును కేంద్రం 2024లో తెచ్చింది. అది ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది. నెలనెలా పెట్టుకునే ఆయా జీతానికి పనికిరాదు. ఈ రెంటినీ కలిపి చూడకండి.

5. చెప్పకుండా వెళ్ళండి, భోజనం చేయండి

ఒకసారి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళండి. రెండోసారి చెప్పకుండా, మే నెల మధ్యాహ్నమో రాత్రి ఏడున్నరకో వెళ్ళండి. మేం చూసిన ఒకచోట పగలు పూలకుండీలు, నవ్వు మొహాలు. రాత్రి వెళ్తే మొత్తం అంతస్తుకి ఒకే అమ్మాయి. ఒక పెద్దాయన బెల్లు నొక్కి పావుగంట ఎదురుచూడటం నేను కళ్ళారా చూశాను. మేనేజరుని అడిగితే సమాధానం చెప్పకుండా బ్రోషర్ ఇచ్చారు.

భోజనం తప్పకుండా చేయండి, డబ్బు కట్టి అయినా. చాలాచోట్ల శాకాహారమే. గదిలో వండుకోనిస్తారా అని అడగండి. "చేప లేకుండా నేనుండలేనమ్మా, మరేటి చెయ్యమంటావు?" అంది అమ్మ. విశాఖలో పుట్టిపెరిగిన మనిషికి అది చిన్న విషయం అనిపించలేదు నాకు.

మన ఊరికి సంబంధించినవి ఇంకొన్ని. భీమిలి, ఆనందపురం వైపు స్థలాలు ప్రశాంతంగా ఉంటాయి, కానీ పెద్దాస్పత్రులు ఎక్కువగా మహారాణిపేట, రామ్‌నగర్, ఆరిలోవ హెల్త్ సిటీ దగ్గర. సాయంత్రం ఆరింటికి కారులో గేటు నుంచి ఆస్పత్రి అత్యవసర విభాగం దాకా వెళ్ళి టైము చూసుకోండి, హనుమంతవాక జంక్షన్ దాటడంతో సహా. గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అందులో స్కానింగ్ కూడా అయిపోవాలి. అందుకే ఆ ప్రయాణం ఎన్ని నిమిషాలో ముందే తెలిసి ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటు, నీళ్ళు లేకుండా గడిపాం. కాబట్టి జనరేటరు ఎన్ని గంటలకి సరిపోతుంది, లిఫ్టుకి కూడా కనెక్షన్ ఉందా, నీళ్ళ ట్యాంకు ఎంత అని అడగండి. మనది కొండల ఊరు, గేటు నుంచి బ్లాకు దాకా ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయో నడిచి చూడండి. బాత్రూములో పట్టుకునే కడ్డీ, జారని నేల, వీల్‌చెయిర్ పట్టే తలుపు లేకపోతే అది సీనియర్ లివింగ్ కాదు, మామూలు అపార్ట్‌మెంటే.

6. "మంచానపడితే?" అని అడగండి

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. అడగడానికి నోరు రాదు, అయినా అడగండి. లేవలేని స్థితి వస్తే ఉంచుకుంటారా, ఇంకో చోటికి పంపేస్తారా? మతిమరుపు ముదిరితే? ఉంచుకుంటే ఆయాని వాళ్ళే ఇస్తారా, మనం తెచ్చుకోవాలా, నెలకి ఎంత? మేం అడిగిన రెండు చోట్ల "అప్పుడు మీరు తీసుకెళ్ళాలి" అన్నారు. అంటే ఏ రోజు కోసమైతే మేం భయపడుతున్నామో ఆ రోజుకి అక్కడ జవాబు లేదు. దంపతులైతే ఇంకోటి అడగండి: ఒకరు పోయాక రెండోవాళ్ళ గది, ఛార్జీలు ఏమవుతాయి?

7. కాగితాలు వకీలుకి చూపించండి

కొంటున్నట్టయితే ఆంధ్రప్రదేశ్ రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్లో ప్రాజెక్టు నంబరు వెతకండి. రిటైర్మెంట్ హోముల కోసం కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్డరు, సేవలు నడిపే సంస్థ, కొన్నవాళ్ళు, ముగ్గురి మధ్యా ఒప్పందం ఉండాలని అవి చెబుతాయి. సేవలు నడిపేవాళ్ళు మధ్యలో మానేస్తే ఎవరు బాధ్యులో అందులో చూసుకోండి. డిపాజిట్ పద్ధతయితే ఎన్ని రోజుల్లో, ఎంత కోతతో తిరిగిస్తారో అంకెల్లో ఉండాలి. వారసులుగా పిల్లలకి వచ్చాక వాళ్ళు అందులో ఉండొచ్చా, అమ్ముకోవడమేనా అన్నది కూడా.

పాత ఇంటిని పిల్లల పేర రాసేసి వెళ్దామనుకునే పెద్దవాళ్ళకి ఒక మాట. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. ఆ షరతు దస్తావేజులో రాయించండి. కొడుకు మంచివాడే అయినా రాయించండి.

8. పది రోజులు ఉండి చూడండి

అమ్మ ఒకచోట పది రోజులు ఉంది. మొదటి మూడు రోజులు రాత్రి ఏడ్చిందట, తర్వాత చెప్పింది. ఐదో రోజుకి పార్వతీపురం వైపు రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ స్నేహమైంది. మధ్యాహ్నాలు ఇద్దరూ కలిసి గడిపారు, అమ్మ రెండు పూటలా కడుపునిండా తింది. ఒక్క మాత్రా తప్పలేదు. వచ్చేటప్పటికి రెండు కిలోలు పెరిగింది. వారాంతం చూసి నిర్ణయించుకోకండి, మొదటి మూడు రోజులు చూసి అసలే వద్దు.

9. ఇల్లు వెంటనే అమ్మకండి, ఇంకో దారి కూడా తూచండి

వెళ్ళినా కనీసం ఏడాది ఇల్లు అలాగే ఉంచండి, అద్దెకిచ్చినా సరే. వెనక్కి రావడానికి చోటు ఉందని తెలిస్తే అక్కడ నిలదొక్కుకోవడం తేలిక. వెళ్ళకుండా ఇంట్లోనే ఏర్పాట్లు చేసుకోవడం కూడా ఒక పక్క పెట్టి తూచండి. బాత్రూములో కడ్డీలు, మెడలో వేసుకునే ఎమర్జెన్సీ బెల్లు, వారానికి సరిపడా మాత్రల డబ్బా, మధ్యాహ్నం వండి తోడుండే మనిషి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరు గోడ మీద రాసిపెట్టండి.

అమ్మ ప్రస్తుతానికి ఇంట్లోనే ఉంటానంది. మేడమెట్లు ఎక్కనని మాటిచ్చింది, మధ్యాహ్నం మనిషిని పెట్టుకుంది. టీచరమ్మ ఉన్న చోట పేరు కూడా రాయించింది.

10. ఎప్పుడు వెళ్ళాలో ముందే రాసిపెట్టుకోండి

వద్దనుకున్నా ఈ పని మాత్రం మానకండి. ఏం జరిగితే మారాలో ఇప్పుడే, అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడే రాయండి. సంక్రాంతికి అన్నయ్య వచ్చినప్పుడు ముగ్గురం కూర్చుని రాశాం. మళ్ళీ పడిన రోజు. ఒంటరిగా స్నానం చెయ్యలేని రోజు. గ్యాసు కట్టెయ్యడం మర్చిపోయిన రోజు. ఈ మూడూ మేం చెప్పాం. నాలుగోది అమ్మ చెప్పింది, అన్నయ్య రాశాడు: పక్కింటి పిన్నిగారు వాళ్ళబ్బాయి దగ్గరికి వెళ్ళిపోయిన రోజు.