చెరువు పేరు, కొలత పోకుండా కేఎంఎల్‌ను షేప్‌ఫైల్ చేయడం

ఉప్పల్ చుట్టుపక్కల చెరువుల గట్ల మీద ఫోన్ పట్టుకుని నడిచి హద్దులు గీస్తుంటాను. ఫోన్ ఇచ్చేది కేఎంఎల్, ఆఫీసుల్లో అడిగేది షేప్‌ఫైల్. రెండూ మ్యాపు గీతల్ని దాచే ఫైలు రకాలే. మార్చేటప్పుడు పాడయ్యేవి రెండు: కొలత, పేరు.

కేఎంఎల్‌లో అంకెలన్నీ అక్షాంశ, రేఖాంశాల డిగ్రీలే. మన దగ్గర పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర, నుంచి 30 మీటర్ల బఫర్ (ఖాళీ పట్టీ) వదలాలి. డిగ్రీల లేయర్ (మ్యాపు పొర) మీదే బఫర్ 30 అని కొట్టారా, 30 డిగ్రీలు పడుతుంది. చెరువు దేశాన్నంతా మింగేస్తుంది. అందుకే ముందు మీటర్లలోకి తేవాలి.

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం. కేఎంఎల్‌ను అందులోకి లాగి వదలండి. నడిచిన దారి గీతగా వస్తే 'లైన్స్ టు పాలిగన్స్' నడపండి. తర్వాత లేయర్ మీద రైట్ క్లిక్, ఎక్స్‌పోర్ట్, 'సేవ్ ఫీచర్స్ యాజ్'. ఫార్మాట్ ఈఎస్ఆర్ఐ షేప్‌ఫైల్, సీఆర్ఎస్ (అంకెల్ని ఏ పద్ధతిలో కొలవాలో చెప్పేది) ఈపీఎస్‌జీ 32644, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44వ జోన్. హైదరాబాద్ 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉంది కాబట్టి ఇది. జహీరాబాద్ వెళ్తే 43వ జోన్, 32643. 'సెట్ లేయర్ సీఆర్ఎస్' మాత్రం ముట్టుకోవద్దు. అది చీటీ మారుస్తుందే గానీ అంకెల్ని మార్చదు. సరిగా మారితే ఉప్పల్ దగ్గర ఎక్స్ సుమారు 2,40,000, వై 19 లక్షల పైన కనిపిస్తాయి.

ఇక పేరు. షేప్‌ఫైల్లో ఫీల్డు (పట్టికలో నిలువు వరుస) పేరుకు 10 బైట్లే చోటు. అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు హల్లుకు 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3. 'చెరువు' అన్న మాటకే 18 కావాలి. కాబట్టి ఫీల్డు పేరు ఇంగ్లిషులో పొట్టిగా పెట్టి, లోపలి పేర్లు తెలుగులో ఉంచండి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

ఒకసారి సీపీజీ ఫైలు, అంటే ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే చిన్న ఫైలు, జత చేయకుండా పంపాను. గట్టు మీద ఒక పెద్దమ్మ చెప్పిన పేరు అవతల పిచ్చి గీతలై తెరుచుకుంది. ఆఫీసువాళ్లు దాన్ని కొట్టేసి వరుస నంబరు వేశారు. ఆ పేరు తెలిసినవాళ్లు అక్కడ ఎంతోమంది లేరు. చాలా బాధేసింది.

షేప్‌ఫైల్ అంటే ఒక్క ఫైలు కాదు. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే, సీపీజీ ఐదూ ఒకే జిప్‌లో పెట్టండి. అసలు కాపీని జియోప్యాకేజ్ అనే మరో మ్యాపు ఫైలు రకంలో దాచుకోండి, దానికి ఈ పది బైట్ల ఇరుకు లేదు. పంపాక నేను ఫోన్ చేసి, అట్రిబ్యూట్ టేబుల్ (వివరాల పట్టిక) తెరిచి మొదటి చెరువు పేరు చదివి వినిపించమంటాను.