స్విచ్ నుంచి సీలింగ్ లైటు దాకా: మీ ఇంటి వైరింగ్‌ను అర్థం చేసుకోవడం ఎలా?

బల్బు మార్చడానికి స్టూలెక్కేవాళ్లలో చాలామంది స్విచ్ ఆపేసి, ఇక కరెంటు లేదనుకుంటారు. స్విచ్ ఆపేది ఒక్క వైరునే. ఏ వైరును ఆపిందన్నదే అసలు సంగతి. ఫేజును (కరెంటు తెచ్చే వైరు) ఆపితే సరే. న్యూట్రల్‌ను (కరెంటు తిరిగివెళ్లే వైరు) ఆపితే లైటు ఆరిపోతుంది గానీ, హోల్డర్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. మీ ఇంట్లో స్విచ్‌లు ఫేజు మీద ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి కావలసినంత వివరం కింద ఉంది. కొత్త పాయింటు లాగడం, కనెక్షన్లు మార్చడం మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

1. వైర్ల దారి

మీటరు నుంచి మెయిన్ స్విచ్‌కి, అక్కడి నుంచి ఎంసీబీలు (కరెంటు హద్దు దాటితే వాటంతట అవే పడిపోయే చిన్న స్విచ్‌లు) వరుసగా ఉండే డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) పెట్టెకి కరెంటు వస్తుంది. అక్కడి నుంచి ఒకటి రెండు గదులకు కలిపి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ వెళ్తాయి. లైట్లకు సాధారణంగా 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ, 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడతారు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు లాగేది ఆంపియరులో పదో వంతు కూడా ఉండదు కాబట్టి ఇది చాలు.

మన ఇళ్లలో సీలింగ్ పాయింట్ల పైపులు శ్లాబు పోయకముందే చువ్వల మధ్య పరిచేస్తారు. ఆ పైపు గోడలోంచి దిగి స్విచ్‌బోర్డులో తేలుతుంది. అందుకే జాయింట్లన్నీ చాలావరకు బోర్డులోనే దొరుకుతాయి. ఒక గదిలో ఎన్ని లైట్లున్నా ప్రతిదానికీ ఫేజు, న్యూట్రల్ విడివిడిగా అందుతాయి. వినాయక చవితి పందిరి సీరియల్ సెట్టులా ఒకటి పోతే వరుసంతా ఆరిపోదు.

2. ఏ ఎంసీబీ దేనిదో రాసుకోండి

పగటిపూట లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి, ఒక్కో ఎంసీబీ దించుతూ ఏవి ఆగాయో చూసి, డీబీ తలుపు లోపల చీటీ అంటించండి.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో జాగ్రత్త. మెయిన్ దించగానే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ నుంచి లైట్లకూ ఫ్యాన్లకూ సరఫరా మొదలుపెడుతుంది. మెయిన్ ఆపిన ధీమాతో బోర్డు విప్పితే షాక్ కొట్టేది ఇలాంటి ఇళ్లలోనే. పోనీ ఇన్వర్టర్ పెట్టె మీది ఆన్/ఆఫ్ స్విచ్ ఒక్కటే ఆపితే, మెయిన్ కరెంటు దాని గుండా పోతూనే ఉంటుంది. రెండూ ఆపాల్సిందే.

3. టెస్టర్‌ను ముందు పరీక్షించండి

కరెంటు ఉందని తెలిసిన ప్లగ్ పాయింటులో పెట్టి చూడండి. పెద్ద రంధ్రం (ఎర్త్) పైన ఉండగా, మనకు ఎదురుగా కుడివైపుది ఫేజు. అక్కడే టెస్టర్ వెలగాలి. ఎడమవైపు మాత్రమే వెలిగితే వైర్లు తారుమారయ్యాయి. రెండువైపులా వెలిగిందా, ఎక్కడో న్యూట్రల్ తెగి ఉండవచ్చు: ఆన్‌లో ఉన్న ఏదో బల్బు గుండా ఫేజే ఇటు తిరిగివస్తోందన్నమాట.

ఇప్పుడు మెయిన్, ఇన్వర్టర్ ఆపి అదే రంధ్రంలో మళ్లీ చూడండి. వెలగకూడదు. టెస్టర్‌లోని చిన్న నియాన్ బల్బు ఎప్పుడైనా పాడవుతుంది. అది వెలగనంత మాత్రాన కరెంటు లేదని తేల్చేయకండి. మల్టీమీటరుతో (వోల్టేజీ కొలిచే పరికరం) కూడా చూసి, కరెంటు లేదని తేలాకే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

4. బోర్డు విప్పి చూడండి

చెక్క బోర్డయితే మూలల్లో స్క్రూలుంటాయి. మాడ్యులర్ అయితే పై ప్లేటు ఊడదీస్తే లోపల ఫ్రేము స్క్రూలు కనిపిస్తాయి. బయటికి లాగి, దేన్నీ ముట్టుకోకుండా ముందు ఫొటో తీసుకోండి.

ఒక ఎర్ర వైరు వచ్చి మొదటి స్విచ్‌కి తగిలి, అక్కడి నుంచి చిన్న ముక్కలతో పక్క స్విచ్‌లకు దూకుతుంది. దీన్నే లూపింగ్ అంటారు. ప్రతి లైటు స్విచ్ రెండో కాలి (వైరు బిగించే చోటు) నుంచి ఒక వైరు పైకి వెళ్తుంది. నల్ల వైర్లన్నీ ఒకచోట మెలిపెట్టి టేపు చుట్టి ఉంటాయి, లేదా ప్లగ్ పాయింటు న్యూట్రల్ కాలికి బిగించి ఉంటాయి. పచ్చ వైరు ఎర్త్‌ది. ఫ్యాన్‌కి స్విచ్ తర్వాత రెగ్యులేటర్ అదనం, అంతే తేడా.

ఆ నల్ల గుత్తి నుంచి వైరు లైటు స్విచ్‌లోకి వెళ్తోందంటే స్విచ్ న్యూట్రల్ మీద ఉన్నట్టే. రంగును మాత్రం గుడ్డిగా నమ్మకండి. చుట్టలో మిగిలిన ముక్కతోనే పని కానిచ్చే మేస్త్రీలు బోలెడుమంది. పైగా మూడు ఫేజుల కరెంటున్న ఇంట్లో గోడలోని నీలం వైరు మూడో ఫేజు కావచ్చు, కొత్త లైటు ఫిట్టింగ్ నుంచి వేలాడే నీలం వైరు న్యూట్రల్ (అందులో గోధుమరంగుది ఫేజు). అమెరికాలో ఉన్న మనవాళ్లకు మరీ ముఖ్యం: అక్కడ నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్.

5. మెట్ల లైటు

కింద వేసి పైన ఆపే లైటుకు టూ వే స్విచ్‌లు రెండు ఉంటాయి, ఒక్కోదానికి మూడు కాళ్లు. కింది స్విచ్ నడిమి కాలికి ఫేజు వస్తుంది. పై స్విచ్ నడిమి కాలి నుంచి లైటుకు వైరు వెళ్తుంది. మిగిలిన కాళ్లను రెండు వైర్లు కలుపుతాయి. రెండు స్విచ్‌లూ ఒకే వైరు మీద ఉంటే లైటు వెలుగుతుంది, వేర్వేరు వైర్ల మీద ఉంటే ఆరుతుంది.

రెండు స్విచ్‌లకూ ఫేజు, న్యూట్రల్ రెండూ ఇచ్చేసే అడ్డదారి ఒకటుంది. అందులో లైటు ఆరినా హోల్డర్ రెండు కొనల్లోనూ ఫేజు ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్ అలా చేస్తానంటే ఒప్పుకోకండి.

6. స్విచ్ ఆపినా ఎల్ఈడీ మసకగా వెలుగుతోందా?

మూడు అవకాశాలు. స్విచ్ న్యూట్రల్ మీద ఉండటం మొదటిది, దాన్ని వెంటనే సరిచేయించాలి. రెండోది స్విచ్‌లోని చిన్న ఇండికేటర్ దీపం: దాని గుండా పోయే కాస్త కరెంటు ఎల్ఈడీకి చాలు. మూడోది ఒకే పైపులో చాలా దూరం పక్కపక్కనే నడిచే వైర్ల ప్రభావం. చివరి రెండింటికీ ఎలక్ట్రీషియన్ లైటు దగ్గర చిన్న కెపాసిటర్ (ఆ కాస్త కరెంటును తన గుండా మళ్లించే భాగం) పెడితే మసక వెలుగు పోతుంది. కారణమేదో తేలేదాకా ఆ బల్బు మార్చాలన్నా ఎంసీబీ, ఇన్వర్టర్ ఆపాకే హోల్డర్ మీద చెయ్యి వేయండి.